మూడో గదికి రెండో పద్ధతి

భద్రాచలం,
15 నవంబరు 2008.

తమ్ముడు కోటేషుకు,

రాముడి నీడలో ఉన్నాను. భార్గవి, పాప బాగున్నారని తలుస్తాను.

ఫోన్ చేస్తే ఇద్దరం ఊరుకుంటున్నాం. నిమిషాలు పోతున్నాయి. ఉత్తరంలో ఊరుకోవడానికి వీలుండదు. అందుకని రాస్తున్నాను.

కార్తీక పౌర్ణమికి యాత్రికులకిచ్చే రెండు గదులూ నిండాయి. మీ కంపెనీ బుకింగ్ కాగితాలు నిర్మలాదేవి గారి నెట్ సెంటర్‌కు వెళ్లి నేనే తెచ్చుకున్నాను. ఇన్నాళ్లూ ఇవన్నీ చెల్లి పుష్ప చూసుకునేది. ఎవరు ఏ రోజు వస్తారు, ఎంత కడతారు, అన్నీ దానికే తెలుసు. నాకు దుప్పట్లు ఉతకడం, పొయ్యి మీద నీళ్లు కాచడం తెలుసు. పుష్ప పోయి రెండు నెలలు దాటింది. కాగితాలు మాత్రం ఆగలేదు.

తిరుమలాయపాలెం నుంచి భార్యాభర్తలు వచ్చారు. పొద్దున్నే వెళ్లేటప్పుడు ఆయన వాకిట్లో బోర్డు ముందు ఆగాడు. పుష్ప సుద్దముక్కతో రాసిన బోర్డే. ఒక రోజుకు గది ఐదు వందలు అని ఉంది.

"ఏందమ్మా, బోర్డు మీద ఐదొందలు రాసినవ్. కంపెనీల మాతోని ఐదొందలరవై కట్టించుకున్నరు. దేవుని తావుకొచ్చినోళ్ల తాన గిట్ల చేస్తరా?" అన్నాడు.

ఆయన భార్య "పోనీ తియ్యి, పెద్దామె" అని చెయ్యి పట్టి లాగింది.

నాకు తెలియదు అన్నాను. నమ్మలేదు. సర్ది పంపాను.

నా ఖాతాలో నాలుగు వందల ఎనభై ఐదు పడింది. ఆయన కట్టింది ఐదు వందల అరవై. బోర్డు మీద ఐదు వందలు. ఒక్క గదికి మూడు లెక్కలు ఎందుకున్నాయో రాయి. పుష్ప ఉంటే నీకు ఈ శ్రమ ఇచ్చేదాన్ని కాదు.

గోదావరి తగ్గింది. వేకువనే మునిగి గుడికి వెళ్లి వస్తున్నాను. నామం నోరు చెబుతోంది. మిగతాది ఏం చేస్తోందో తెలియడం లేదు.

అక్క,
సక్రి.


హైదరాబాదు,
27 నవంబరు 2008.

అక్కకు కోటేష్ దండాలు.

ఉత్తరం అందింది. నువ్వు నెట్ సెంటర్ మెట్లెక్కావంటే ఆశ్చర్యంగా ఉంది. ఫోన్‌లో ఊరుకోవడం నేను కావాలని చేస్తున్నది కాదు. ఆఫీసులో చుట్టూ జనం ఉంటారు. ఇంటికొచ్చేసరికి నువ్వు దీపం పెట్టుకుని కూర్చునే వేళ అవుతుంది.

నీ లెక్క సంగతి చెబుతాను. కష్టం కాదు, నిదానంగా చదువు.

మా యాత్రా గూడు కంపెనీ ఊరికే నడవదు కదా. యాత్రికుణ్ణి వెతికి నీ గుమ్మం దాకా పంపుతుంది. డబ్బు ముందే కట్టించుకుని నీ ఖాతాలో వేస్తుంది. అందుకు సర్వీసు ఫీజు తీసుకుంటుంది. అది తీసుకోవడానికి రెండు పద్ధతులున్నాయి.

మొదటి పద్ధతిలో ఇద్దరూ పంచుకుంటారు. ఇంటివాళ్ల కిరాయిలోంచి నూటికి మూడు తగ్గిస్తారు. యాత్రికుడి దగ్గర కిరాయి మీద నూటికి పన్నెండు కలుపుతారు. నీ గది ఐదు వందలు. పదిహేను తగ్గి నీకు 485 వచ్చింది. అరవై పెరిగి ఆయన 560 కట్టాడు. అక్కడ మోసం ఏమీ లేదు. డబ్బు కట్టే ముందు ఆ అరవై వేరే వరసలో చూపిస్తాం. జనం చదవరు, తర్వాత ఇంటివాళ్ల మీద పడతారు.

రెండో పద్ధతిలో యాత్రికుడి దగ్గర ఏమీ తీసుకోరు. ఆయనకు మొదటి నుంచి చివరి దాకా ఐదు వందలే కనిపిస్తుంది. నూటికి పదిహేనూ ఇంటివాళ్లే భరించాలి. అంటే నీకు డెబ్బై ఐదు పోయి 425 వస్తుంది.

సెప్టెంబరులో కంపెనీలో ఇంటిని నీ పేరు మీదికి తెచ్చినప్పుడు నీకు మొదటి పద్ధతి పెట్టాను. గదికి అరవై రూపాయలు నీకు ఎక్కువ. ఎవరైనా అడిగితే "అది కంపెనీ ఫీజు, నాకు రాదు" అని చెప్పు. చాలు.

ఇంకొకటి. మూడో గది మా సిస్టంలో ఇంకా మూసి ఉన్నట్టే చూపిస్తోంది. ఏప్రిల్ 3న శ్రీరామనవమి. ఆ వారం భద్రాచలంలో గోడ పక్కన నీడ కూడా దొరకదని నీకు నేను చెప్పాలా? ఏడు వందలు పెట్టినా పోతుంది. తెరవమంటావా?

పాప ఎల్‌కేజీలో రైమ్స్ చెబుతోంది. భార్గవి నిన్ను అడిగానని రాయమంది.

నీ తమ్ముడు,
కోటేష్.


భద్రాచలం,
9 డిసెంబరు 2008.

కోటేషుకు,

నీ ఉత్తరం చదివి చింతగింజలు ముందేసుకుని కూర్చున్నాను. అర్థమైంది. రెండు పద్ధతుల్లోనూ కంపెనీకి చేరేది డెబ్బై ఐదే. దాన్ని ఎవరి చేత ఇప్పిస్తారన్నదే తేడా. మొదటి దాంట్లో పదిహేను నా చేత, అరవై యాత్రికుడి చేత. రెండో దాంట్లో అంతా నా చేత. నేను చదివింది ఆశ్రమ పాఠశాలలో ఏడో తరగతి వరకే. తప్పుంటే చెప్పు.

వేడినీళ్ల బకెట్టుకు ఇరవై తీసుకుంటున్నాను. అది మీ కాగితంలో లేదు. దాని మీద కూడా నూటికి ఇంత అని ఉంటుందా? ఉంటే ఆ ఇరవై తీసుకోవడం మానేస్తాను.

ముత్తక్క అడవి నుంచి విస్తరాకులు తెచ్చింది. దుప్పట్లు పిండటానికి నాకు సాయం పడుతోంది. లెక్క చూసి అడిగింది.

"గా కంపెనాయన ఊడ్చిండా, నీళ్లు మోసిండా? డెబ్బై ఐదు దేనికమ్మా?"

"మనుషుల్ని పంపుతాడు" అన్నాను.

"మనుషులు రాముని కోసం వస్తరు. మజ్జెల గాయిన పంపుడేంది? రాముడు గూడ గాయినకు ఫీజు కడ్తుండా?"

అది నవ్వింది. నేను నవ్వానో లేదో గుర్తులేదు.

మూడో గది ఖాళీ లేదు. దాని సంగతి అడగకు.

చలి పెరిగింది. ముక్కోటికి ఇంకా నెల ఉంది. అప్పుడే కాగితాలు వస్తున్నాయి. పాపను చెవులకు గుడ్డ కట్టి పంపమను.

అక్క,
సక్రి.


హైదరాబాదు,
19 జనవరి 2009.

అక్కా,

ఇది ఇంటి విషయం కాదు, ఆఫీసు విషయం. కాబట్టి నేరుగా రాస్తున్నాను. ఏమీ అనుకోకు.

ముక్కోటికి నీ ఇంట్లో ఉండి వెళ్లిన వేంసూరు వాళ్లు మా సైట్‌లో అభిప్రాయం రాశారు. నిన్ను చాలా పొగిడారు. చివర్లో ఇలా ఉంది: "వెళ్లేటప్పుడు అమ్మగారు అరవై రూపాయలు పసుపు పెట్టిన కవర్లో తిరిగిచ్చి, మళ్లీ రండి అన్నారు."

ఇది మా మేనేజరు రామ్‌చందర్ గారి కంట్లో పడింది. ఆయన ఇంకా వెతికించాడు. ఇంకో ఇద్దరు కూడా అదే రాశారు. నన్ను పిలిచి అందరి ముందూ అడిగాడు: "ఏం కోటేష్, మీ అక్క మన కస్టమర్లను డైరెక్టుగా గుంజుకుంటుందా?" ఫీజు వెనక్కిచ్చి, తర్వాతిసారి కంపెనీతో పని లేకుండా రమ్మంటున్నావని వాళ్ల అనుమానం. వేరే ఊళ్లలో కొందరు ఇదే చేశారు. వాళ్ల ఇళ్లను తీసేశారు.

దానికి తోడు మూడో గది. సెప్టెంబరు నుంచి మూసి ఉంది. నువ్వేమో ఖాళీ లేదన్నావు. ఖాళీ లేకపోతే అందులో ఎవరున్నట్టు? ఎవరికి కిరాయికిచ్చావు? బయటివాళ్లకు ఇస్తున్నావా? ఆ మాట నాకైనా చెప్పొచ్చు కదా. మూడో గది గురించి నన్ను "అడగకు" అనడానికి నేనెవరో పరాయివాణ్ణయ్యానా?

ఫిబ్రవరి 28 లోపల జవాబివ్వకపోతే ఇంటిని జాబితాలోంచి తీసేస్తారు. నవమికి నీకు ఒక్క మనిషి రాడు. నీకు ఏడాది బియ్యం ఆ వారంలోనే వస్తాయని నాకు తెలుసు. మీ వీధిలో ఇరవై రెండు ఇళ్లు నా మాట మీద చేరాయి. మొదటి ఇల్లు నీది. అది పోతే నన్ను కూడా ఉంచరు.

సర్ది పంపాను అని రాస్తే నువ్వు మాటతో సర్దావనుకున్నాను.

కోటేష్.


భద్రాచలం,
27 జనవరి 2009.

కోటేషుకు,

ఉత్తరం చేరింది.

మూడో గదిలో ఎవరూ లేరు. యాత్రికులు లేని రోజుల్లో పుష్ప పడుకునేది అక్కడే కదా. పుష్ప చీరలున్నాయి, పెట్టె ఉంది, దాని చెప్పులున్నాయి. దవాఖానాకు తీసుకెళ్లిన రోజు గడియ పెట్టాను. మళ్లీ తీయలేదు. తీస్తే ఏం చేయాలో తెలియలేదు. ఎవరికి కిరాయికిచ్చావని అడిగావు. ఎవరికీ ఇవ్వలేదు.

అరవై సంగతి. మన బాపు చింతపండు అమ్మేటప్పుడు నువ్వు చిన్నవాడివి, నీకు గుర్తుండదు. టేకులపల్లి నుంచి షావుకార్లు మన తండాకు వచ్చేవాళ్లు. గుమ్మం బయట నిలబడి బేరం ఆడేవాళ్లు. బాపు ఎంతైనా అడిగేవాడు, అరిచేవాడు కూడా. బేరం కుదిరాక చెంబుతో నీళ్లిచ్చేవాడు. షావుకారు నీళ్లు తాగాక బజార్లో చింతపండు ధర పెరిగిందని ఎవరు చెప్పినా సరే, బాపు మాట కదిలేది కాదు. "నీళ్లియ్యక ముందు ఎంతన్న అడుగు బిడ్డా. నీళ్లిచ్చినంక మాట పెంచొద్దు" అనేవాడు. మన తాత ఎడ్ల మీద ఉప్పు మోసిన కాలం నుంచీ ఇంట్లో ఇదే మాట అట.

యాత్రికుడు బోర్డు చూసి మెట్టెక్కుతాడు. నేను చెంబుతో నీళ్లిస్తాను. తాగుతాడు. తర్వాత అరవై ఎక్కువ పడిందంటే నేను నీళ్లిచ్చి మాట పెంచినట్టు. అది కంపెనీ ఫీజు, నాకు రాదు అని చెప్పమన్నావు. రెండుసార్లు చెప్పి చూశాను. చెప్పేటప్పుడు నా గొంతు అబద్ధం చెప్పినట్టే ఉంది. అందుకని అరవై చేతిలో పెడుతున్నాను. తిరుమలాయపాలెం ఆయనతో మొదలుపెట్టాను. ఇప్పటికి పందొమ్మిది గదులయ్యాయి. పసుపు శుభానికి. మళ్లీ రండి అనడం మర్యాద. ఇందులో గుంజుకోవడం ఎక్కడుందో నాకు తెలియదు.

నాకు కోపం వచ్చి రాస్తున్నానని అనుకోకు. కోపం రాలేదు. ఏదీ రావడం లేదు.

ఆ సోమవారం పొద్దున, పుష్పకు జ్వరం ముదిరింది రమ్మని నీకు ఫోన్ చేశాను. బుధవారం పుష్పను తండాలో మట్టిలో పెట్టాం. నువ్వు గురువారం వచ్చావు. నిన్ను ఏమీ అడగలేదు. ఇప్పుడూ అడగను. పరాయివాణ్ణా అన్నావు కాబట్టి రాశాను.

ఇంటిని తీసేస్తే తీసేయమను. గంజి తాగి ఉండగలను. నీ ఉద్యోగం నిలబడటానికి నేను చేయాల్సింది ఉంటే రాయి. చేస్తాను.

సక్రి.


హైదరాబాదు,
5 ఫిబ్రవరి 2009.

అక్కా,

ఉత్తరం మూడుసార్లు చదివాను. భార్గవికి ఇచ్చాను. చదివి మడిచి నా చేతిలో పెట్టి, "వదిన ఒక్క మాటన్న గట్టిగ అన్లే. నాకు గదే భయమైతుంది" అంది.

రెండు సంగతులు నీకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

మొదటిది ఫీజు. పుష్పక్క ఇంటిని కంపెనీలో చేర్చినప్పుడు రెండో పద్ధతే కోరింది. యాత్రికుడి నుంచి ఏమీ వద్దు, డెబ్బై ఐదూ మేమే ఇస్తాం అంది. భద్రాచలం ఇళ్లలో అలా కోరింది ఆమె ఒక్కతే. ఆఫీసులో నవ్వారు. నేనూ ఫోన్ చేసి, "గట్లెందుకక్కా, అందరు మొదటిదే పెట్టుకుంటుండ్రు" అన్నాను. "నీకెందుకురా, నువ్వు టిక్కు కొట్టు" అంది. ఎందుకో చెప్పలేదు.

సెప్టెంబరులో దాన్ని మార్చింది నేను. నీ పేరు ఎక్కించేటప్పుడు ఆ టిక్కు కూడా మార్చేశాను. నిన్ను అడగలేదు. గదికి అరవై నీకు ఎక్కువ వస్తాయని. రాలేకపోయినవాడికి చేతనైంది అదొక్కటే అనిపించింది. ఆ అరవై నువ్వు కవర్లో పెట్టి పంచుతున్నావని నాకు తెలియదు.

రెండోది ఆ సోమవారం. పొద్దున నువ్వు చేశాక బట్టలు సర్దుకున్నాను. మధ్యాహ్నం పుష్పక్క ఫోన్ నుంచి కాల్ వచ్చింది. గొంతు సన్నగా ఉంది గానీ నవ్వుతూనే మాట్లాడింది. "అక్క ఊకెనే భయపడ్తది. జరమే గదరా. నువ్వు పని జూస్కొని ఐతారం రా, చేపల పులుసు తిందాం" అంది. నమ్మాను. ఆ వారం కొత్త ఊళ్లో ఇళ్లు చేర్పించే పని ఉంది. నమ్మడం నాకు సులువుగా ఉంది, అందుకే నమ్మాను. ఆమె మీద వేయడానికి ఇది రాయడం లేదు.

గదిలో ఎవరున్నారని అడిగిన మాట వెనక్కి తీసుకోలేను. ఉత్తరం పోస్టులో పడింది. నువ్వు గది మూసింది నా మీద అలిగి, నాకు ఆ ఇంట్లో చోటు లేదని చెప్పడానికేమో అనుకున్నాను.

ఆఫీసుకు ఇది కావాలి. పద్ధతి మార్చుకునే ఫారం జతచేశాను. రెండో పద్ధతి దగ్గర టిక్కు పెట్టి సంతకం చెయ్యి. అడుగున ఖాళీ ఉంది. అరవై ఎందుకు తిరిగిచ్చావో నీ మాటల్లో రెండు వరసలు రాయి. నెలాఖరు లోపల చేరాలి. రిజిస్టరు పోస్టు చెయ్యి.

వేడినీళ్ల ఇరవై మా కాగితంలో లేదు కాబట్టి దానికి ఫీజు లేదు. మానకు.

కోటేష్.


భద్రాచలం,
14 ఫిబ్రవరి 2009.

తమ్ముడు కోటేషుకు,

ఫారం ఇందులో పెట్టాను. టిక్కు పెట్టాను. సంతకం చేశాను. రెండు వరసలు రాశాను. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించమని చెప్పు.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు స్నానం చేసి, దీపం పెట్టి, మూడో గది గడియ తీశాను. లోపల పుష్ప వాసన ఉంటుందనుకున్నాను. ఏమీ లేదు. మూసిన గది వాసన ఉంది. కిటికీ తీశాను. చీరలు ఎండలో వేశాను. ముత్తక్క గుమ్మంలో నిలబడి లోపలికి రాలేదు. "పిల్ల ఇప్పుడే బయటికి పోయినట్టుంది గదమ్మా" అంది. బొగ్గు రంగు చీర ముత్తక్క కూతురికి ఇచ్చాను. మిగతావి మడతపెట్టాను.

పెట్టెలో మీ కంపెనీ ఫారం జిరాక్సు దొరికింది. రెండు పద్ధతులూ పక్కపక్కన ఉన్నాయి. రెండో దాని మీద టిక్కు. పక్కన పెన్సిల్‌తో చిన్నగా రాసుకుంది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"500 - 75 = 425. బాపు మాట: నీళ్లిచ్చినంక మాట పెంచొద్దు. గుమ్మంలో నిలబడేది అక్క. మాట పడేది అక్కే. 425 చాలు."

మంచం మీద కూర్చుని చూశాను. నాకు 485 వచ్చేది. అరవై ఇచ్చేదాన్ని. మిగిలింది 425. నేను ఇన్ని నెలలు కవర్లు కొని, పసుపు పెట్టి చేసింది ఇదే. పుష్ప ఒక్క టిక్కుతో చేసింది. ఎందుకో నీకు చెప్పలేదన్నావు. నాకూ చెప్పలేదు.

లేచాను. దుప్పట్లు ఉన్నాయి, ఉతికాను.

పుష్ప నిన్ను రావద్దందని నాకు తెలియదు. ఆ సాయంత్రం దవాఖానాలో, "తమ్మి బయల్దేరిండు, వస్తుండు, నువ్వింత అన్నం తిను" అని నాతో అంది. నేను తిన్నాను. మర్నాడంతా రోడ్డు చూశాను. నీకు ఒక మాట, నాకు ఒక మాట చెప్పింది. యాత్రికుడికి మాట మార్చని మనిషి.

నీ మీద అలిగి గది మూయలేదు. నువ్వొస్తే ఎక్కడ పడుకోబెట్టాలా అని మాత్రం రెండు మూడుసార్లు అనుకున్నాను. ఉన్నది ఆ ఒక్క గదే కదా. మిగతా రెండూ యాత్రికులవి.

మూడో గది నవమికి తెరువు. ఏడు వందలు వద్దు. ఐదు వందలే పెట్టు. బోర్డు మార్చను. సుద్ద చెరిగినచోట దిద్దాను, అంతే.

అక్క,
సక్రి.


హైదరాబాదు,
10 మార్చి 2009.

అక్కకు కోటేష్ దండాలు.

ఫారం గడువులోపలే చేరింది. రామ్‌చందర్ గారు నీ రెండు వరసలు చదివాడు. "నీళ్లిచ్చాక మాట పెంచకూడదని ఇచ్చాను. నా ఇంటి మాట ఐదు వందలు" అని రాశావు. ఆయన కాసేపు కాగితం తిప్పి చూసి, "మీ అక్క డెబ్బై ఐదు పోగొట్టుకోవడానికి మనతో కొట్లాడింది గదయ్యా" అన్నాడు. ఫైలు మూసేశాడు. ఇల్లు జాబితాలో ఉంది.

నా ఉద్యోగం ఉంది. భద్రాచలం పని మాత్రం నా నుంచి తీసేశారు. సొంతవాళ్లున్న ఊరు వద్దట. వచ్చే నెల నుంచి వేరే ఊళ్లు చూడాలి. అది కూడా మంచిదే. ఇకమీదట నీకు నేను రాసేది ఫీజు గురించి కాదు. ఏం రాయాలో ఇంకా తెలియదు.

పుష్పక్క రాసిన పెన్సిల్ వరసలు నీ ఉత్తరంలోంచి కాగితం మీద దించుకుని, పర్సులో పెట్టుకున్నాను.

నిన్న పొద్దున సిస్టంలో మూడో గది తెరిచాను. రెండో పద్ధతి, ఐదు వందలు. పది నిమిషాలు కూడా ఉండలేదు. నవమికి పోయింది. ఎవరన్నది నీ కాగితంలో వస్తుంది.

నీ తమ్ముడు,
కోటేష్.


భద్రాచలం,
24 మార్చి 2009.

తమ్ముడు కోటేషుకు,

కాగితం తెచ్చుకున్నాను. నిర్మలాదేవి గారు చేతికిస్తూ, "ఈ మూడో గదాయన మీ తమ్ముడి పేరే పెట్టుకున్నాడమ్మా" అన్నారు. ఆమెకు చెప్పలేదు. బయటికొచ్చి మెట్ల మీద చదువుకున్నాను.

మూడో గది. ఏప్రిల్ 2, 3. పెద్దలు ఇద్దరు, పాప ఒకరు. రెండు రోజులకు వెయ్యి. ఫీజు నూట యాభై. ఇంటివాళ్లకు ఎనిమిది వందల యాభై.

రెండో పద్ధతి కాబట్టి ఆ నూట యాభై నా నుంచే పోతుంది. సొంత అక్క ఇంటికి రావడానికి నీ కంపెనీకి నా చేత ఫీజు కట్టించావు. ముత్తక్కకు చెబితే, "తమ్మునికి కిరాయా! గీ ఇచ్చంత్రం యాడ జూడలే. గా చిన్నపిల్లకు గూడ టిక్కెట్టేనా?" అని దుప్పటి పిండటం ఆపి మరీ నవ్వింది. రద్దు చేద్దామనుకున్నాను. ఇంటివాళ్లు రద్దు చేస్తే జరిమానా అని వెనకాల చిన్న అక్షరాల్లో ఉంది. మీ కాగితాలు ఇప్పుడు వెనకాల కూడా చదువుతున్నాను. ఉండనిచ్చాను.

గదికి సున్నం వేయించాను. పుష్ప మంచం గోడవారకు జరిపాను. పాపకు దిగువన పరుపు వేస్తాను. ఎండలు ముదిరాయి, పగటి బస్సుకు రావద్దు. పాపకు గొడుగు తెమ్మను. కల్యాణం రోజున జనంలో పిల్లను నువ్వే ఎత్తుకో, భార్గవికి ఇవ్వకు. తలంబ్రాలు దొరికితే నాలుగు గింజలు వేరుగా కట్టి ఉంచు. నాలుగో తేదీన తండాకు వెళ్దాం. మొన్న వెళ్లి చూశాను. పుష్ప మీద మట్టి కుంగింది. వానలకు ముందే నింపాలి. పార నేను తెస్తాను.

చేపల పులుసు సంగతి రాశావు. నవమి దాటాక వండుతాను.

ఒక్కటి మరిచిపోకు. ఆ రోజు మిగతా రెండు గదులవాళ్లు కూడా దిగుతారు. గుమ్మంలో నిలబడి వాళ్లందరికీ చెంబుతో నీళ్లిస్తాను. నీకు ఇవ్వను. చెంబు చూసి వాళ్లతోపాటు మెట్టు మీద ఆగకు. కుండ ఎప్పటిచోటే ఉంది. లోపలికొచ్చి ముంచుకుని తాగు.

అక్క,
సక్రి.